చీకటి హాల్లో దాలమ్మ

చీకట్లో పనిచెయ్యడానికి మనుషుల్ని పెట్టుకునే చోట్లు కలకత్తాలో ఎన్ని ఉన్నాయో గాని, గార్డెన్ రీచ్‌లో మాత్రం ఒకటి ఉండేది. తరఫ్దార్ ఫిల్ము కంపెనీ దాని పేరు. కంపెనీ అన్నారు కదా అని ఫిల్ము అక్కడే పుడుతుందనుకునేరు. అది పుట్టేది సముద్రాల అవతల. చల్లటి పెద్దపెట్టెలో ఓడెక్కి వచ్చి ఖిదిర్‌పూర్ డాకులో దిగేది. ఒక్కో చుట్ట ఇద్దరు మనుషుల కౌగిలికైనా అందనంత లావు. మనవాళ్లు దాన్ని మొద్దు అనేవారు. ఆ మొద్దుని సన్నటి పట్టీలుగా కోసి, చిన్న రీళ్లుగా చుట్టి, డబ్బీల్లో బిగించి స్టూడియోలకి పంపడం ఇక్కడి పని. రవ్వంత వెలుతురు తగిలినా మొద్దు మొద్దంతా పాడైపోతుంది గనక పనంతా కటిక చీకట్లోనే. ఎర్ర బల్బు కూడా ఉండదు. కళ్లు తెరిచినా ఒకటే, మూసుకున్నా ఒకటే.

ఆ హాల్లో పనిచేసేది ఆడవాళ్లు. చాలామంది శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి డాకులో కుదురుకున్న కుటుంబాల వాళ్లు. మగాడు ఓడ దగ్గర మొద్దుని దింపితే ఆడది హాల్లో దాన్ని కోసేది.

కొత్తగా చేరినవాళ్లకి అక్కడ మొదట నేర్పేది మిషను సంగతి కాదు, నోరు మూసుకోకుండా ఉండే సంగతి. చీకట్లో చప్పుడు లేకుండా నడిచే మనిషి ఎవరో ఒకరి మీద పడుతుంది. పక్కనే కత్తులు తిరుగుతుంటాయి. అందుకని అడుగు కదిపితే కూత వెయ్యాలి. దాలమ్మ “నానే, వొస్తన్నా” అనేది. కాసులమ్మ బస్సు కండక్టరులాగ “కాసు, కాసు, కాసు” అంటూ తిరిగేది. శేఫాలి అనే బెంగాలీ అమ్మాయికి తెలుగు ముక్క రాదు. అయినా దాలమ్మ దగ్గర పని నేర్చుకుంది గనక అదీ “నానే” అనే కూసేది. నిలబడి పనిచేసుకునే వాళ్లు కూడా ఊరుకోకూడదు. కూనిరాగమో, కోడలి మీద విసుగో, చేపల ధర గురించి గొణుగుడో, ఏదో ఒకటి నోట్లో ఆడుతూనే ఉండాలి. మేడమీద గుమాస్తాలు ఆ హాలుని పిచ్చుకల గూడు అనేవారు. వాళ్లదేం పోయింది, వాళ్లకి దీపాలున్నాయి.

ఆ గూటిలో అందరికంటే పనిమంతురాలు దాలమ్మ. మిషను చప్పుడు ఒక్క పిసరు మారితే కత్తి మొండిబారిందని చెప్పేది. కొత్తపిల్లల చెయ్యి పట్టుకుని హాలంతా తిప్పి, మూల మూలా చూపించేది ఆమే. అలాంటి దాలమ్మకి చూపు లేదన్న సంగతి కంపెనీలో ఒక్క కాసులమ్మకే తెలుసు.

ఇద్దరివీ ఖిదిర్‌పూర్ డాకు క్వార్టర్లలో ఎదురెదురు గదులు. దాలమ్మని అక్క వరస కలిపి అప్పా అని పిలిచేది కాసులమ్మ. కొన్నేళ్ల క్రితం దాలమ్మకి మెట్లు మసగ్గా కనబడడం మొదలైంది. తర్వాత మనుషులు నీడలయ్యారు. ఆ తర్వాత నీడలు కూడా పోయాయి. కంటి నరం ఎండిపోయిందనీ, ఇక చేసేదేమీ లేదనీ పెద్దాసుపత్రి డాక్టరు చెప్పేశాడు. ఆనాటినుంచీ కాసులమ్మ ఆమె చెయ్యి తన చంకలో ఇరికించుకుని బస్సెక్కించేది, దింపేది, కంపెనీ గేటు దాటించేది. అక్కాచెల్లెళ్లలాగ ఎంత ప్రేమో అని గేటు దగ్గర దర్వాను మురిసిపోయేవాడు. వంకర నడవ దాటి, నల్లతెర తప్పించుకుని హాల్లోకి అడుగుపెట్టగానే కాసులమ్మ చెయ్యి వదిలేసేది. అక్కడినుంచి సాయంత్రం దాకా, మధ్యాన్నం భోజనానికి తప్ప, ఎవరి చెయ్యీ దాలమ్మకి అక్కర్లేదు. చాలాసార్లు కాసులమ్మే తోవ తప్పి ఆమెని పిలిచేది.

ఇంట్లో మాత్రం అందరికీ తెలుసు. అందరూ మంచివాళ్లే, వచ్చిన చిక్కంతా అదే. కొడుకు వెంకటేశు గట్టిగా మాట్లాడడు. కోడలు అప్పాయమ్మ అత్తగారిని పొయ్యి దగ్గరికి రానివ్వదు. కత్తిపీట ముట్టనివ్వదు. కుళాయి దగ్గరికి పంపదు. “నువ్వు కూకో అత్తా, నాను సూసుకుంటాను కదా” అని మంచమ్మీద కూర్చోబెట్టి ఒళ్లో పళ్లెం పెడుతుంది. కత్తిపీటకే భయపడిన ఆ పిల్లకి, అత్తగారు పగలంతా తిరిగే కత్తుల పక్కన నిలబడుతుందని తెలిస్తే గుండె ఆగిపోయేది. డబ్బీలకి మూతలు బిగిస్తానని చెప్పుకుంది దాలమ్మ ఇంట్లో. పని మానెయ్యమని కొడుకు బతిమాలినప్పుడల్లా నవ్వేసేది.

“ఆడ అందరూ గుడ్డోలే బావూ. నాను ఒక్కద్దాన్నే కాదు.”

నవ్వులాటకన్నట్టే ఉంటుంది గాని, ఆమె ప్రాణం ఆ మాటలోనే ఉందని కాసులమ్మకి తెలుసు. ఇంట్లో దాలమ్మ గుడ్డిది. హాల్లో కాదు.

ఆ హాలుకే పోయేకాలం దాపురించింది. మొదట్లో నెలకో ఓడ వచ్చేది. ఆనక దసరాకి ఒకటి, దోల్ పండక్కి ఒకటి అన్నట్టయింది. ధర్మతల్లా దుకాణాల వాళ్లు ఇదివరకు డబ్బీలు చాల్లేదని మనుషుల్ని పంపి దెబ్బలాడేవారు. ఇప్పుడు అమ్ముడుపోని పెట్టెలు రిక్షాలో వేసి తిప్పి పంపుతున్నారు. జనం పెళ్లిళ్లు మానేస్తారా, పిల్లల్ని కనడం మానేస్తారా, ఫొటోలు లేకపోతే ఎలా గడుస్తుందని హాల్లో ఆడవాళ్లు ధైర్యం చెప్పుకునేవారు. పెళ్లిళ్లు ఎవరూ మానలేదు. రీలు మానేశారు. క్వార్టర్లలో ఒక పెళ్లికి వెళ్తే ఫొటోలతను అరచేతంత కెమెరాతో టకటకా నొక్కి, వెనక అద్దంలో బొమ్మలు అప్పటికప్పుడే చూపించేస్తున్నాడు. ఆడవాళ్లంతా ఎగబడ్డారు. కాసులమ్మ కూడా చూసింది. తన బొమ్మ బాగానే ఉంది. అయినా తన సొమ్మే ఎవరో కాజేసి తిరిగి తన చేతిలో పెట్టినట్టు ఒళ్లంతా మండిపోయింది.

ఆ ఏడు వానలు తగ్గుతుండగా తరఫ్దార్ బాబు స్వయంగా నడవాలోకి వచ్చి నిలబడ్డాడు. పెద్దమనిషి, గొంతు ఎత్తి ఎరగడు. అవతల దేశంలో ఫిల్ము చేసే కంపెనీ మిషన్లు ఆపేసిందనీ, వచ్చే ఓడలో దిగేదే ఆఖరి మొద్దనీ బెంగాలీలో చెప్పాడు. గేటు దగ్గర ఎర్రజెండాలు లేచాయి. చోల్బే నా, చోల్బే నా, ఇలా సాగదు అని యూనియను పెద్దలు గొంతు చించుకున్నారు. పాపం, ఎవరి మీద అరవాలో వాళ్లకీ అంతుపట్టలేదు. సముద్రం అవతల ఆగిపోయిన మిషనుకి గార్డెన్ రీచ్ కేకలు ఎక్కడ వినిపిస్తాయి?

చివరికి ఒక ఒప్పందం కుదిరింది. బాబు మేడమీద కొత్త పని పెడుతున్నాడు. ఆ అరచేతి కెమెరాల్లో రీలుకి బదులు దూర్చే చిప్పులు టోకున తెప్పించి, చిన్న అట్టపెట్టెల్లో సర్ది అమ్మడం. చీకటి హాలు ఆడవాళ్లందరికీ అక్కడ పీట ఇవ్వాలి. ఒకసారి పీట ఇచ్చాక లేపడానికి లేదు, యూనియను ఊరుకోదు. కాకపోతే ఒంట్లో లోపమున్న వాళ్లకి మాత్రం పైకి పిలుపు ఉండదు, సెలవిచ్చి ఇంటికి పంపేస్తారు. మెట్లెక్కాలి, ఏదైనా జరిగితే పూచీ ఎవరిదని బాబు పట్టుబట్టాడు.

ఆ సాయంత్రం బస్సులో దాలమ్మ కాసులమ్మ చెవి దగ్గర నోరు పెట్టింది.

“పెట్టెలు మడత పెట్టడానికి కళ్లేటికే? సేతులు సాలవా?”

కాసులమ్మ ఆలోచించింది. నిజమే. చిప్పు మీద అంకె చూసి సర్దేది తను, పెట్టె మడిచేది దాలమ్మ. పక్కపక్క పీటలైతే ఎవరికీ అనుమానం రాదు. మేడమీద పనికి కొత్తగా వచ్చిన కామేష్ అనే సూపర్‌వైజరు విశాఖపట్నం కుర్రాడు, తెలుగువాళ్లని చూస్తే సంబరపడతాడు. పిల్లలు ఆడుకుంటారని చెప్పి అతని దగ్గర మడవని అట్టలు కాసిని అడిగి తెచ్చింది. దాలమ్మ మంచమ్మీద కూర్చుని వాటిని మడిచింది, విప్పింది, మళ్లీ మడిచింది. ఇదేం పనని అప్పాయమ్మ అడిగితే పొద్దుపోక ఆడుకుంటన్నానంది. నాలుగు రోజులు తిరిగేసరికి కాసులమ్మ ఒక పెట్టె మడిచేలోగా ఆమె మూడు మడిచి పక్కన పెట్టేస్తోంది.

“నీకెవులూ వొంక పెట్టనేరప్పా” అంది కాసులమ్మ. దాలమ్మ ముఖం చిన్నపిల్ల ముఖంలా విప్పారింది. ఆ ముఖం చూసి కాసులమ్మకి ఆశా పుట్టింది, భయమూ పుట్టింది.

భయమంతా ఆఖరి రోజు గురించే. తరఫ్దార్ బాబుకి ఒక ముచ్చట కలిగింది. ఆఖరి రీలు, డబ్బీలు బయటికి అందించే గోడ అలమరలోంచి వెళ్లిపోయాక హాల్లో పెద్దదీపాలు వేయిస్తానన్నాడు. మరమ్మతులకి వేసుకునే ఆ దీపాలు సెలవుపూట మేస్త్రీలు చూడ్డమే గాని, ఆడవాళ్లెప్పుడూ చూడలేదు. ఇన్నేళ్లు పనిచేసిన చోటు ఎలా ఉంటుందో ఒకసారి చూసుకోండి, మిఠాయిలు తిందాం, అందరం కలిసి ఒక ఫొటో తీయించుకుందాం అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు.

“గంట కొట్టి, ఆనక దీపాలేస్తారంట” అంది దాలమ్మ. “గంట ఇనబడగానే నా కాడికొచ్చీ. సెయ్యట్టుకో. ఎటు తిరగాలో ఏలు నొక్కి సెప్పు, అటే తిరిగి నవ్వుతాను. అయిపోతాది.”

“అలగేనప్పా.”

“మరిసిపోవు కదా?”

“మరిసిపోడానికి నాకేటి మతిపోయిందా?” అని కసురుకుంది కాసులమ్మ.

ఆఖరి మొద్దు బరువుగానే దిగింది గాని, దాని మీద చుట్టిన ఫిల్ము అనుకున్నంత లేదు. అవతలి కంపెనీవాళ్లు అడుగూ బొడుగూ కలిపి పంపేశారో ఏమో. ఆఖరి రోజు మధ్యాన్నం భోజనాలయ్యాక కాసేపటికే మిషను చప్పుడు పల్చబడింది. పట్టీ చివర వచ్చేసిందని దాలమ్మే ముందు కనిపెట్టింది. “అయిపోనాది” అంది, ఎవరో పోయిన కబురు చెప్పినట్టు. కాసేపు కూతలు తగ్గాయి, మళ్లీ మొదలయ్యాయి. చుట్టిన రీళ్లన్నీ డబ్బీలకెక్కాయి. శేఫాలి ఆఖరి డబ్బీని గోడలోని రెండు తలుపుల అలమరలో పెట్టి లోపలి తలుపు మూసింది. దాలమ్మ ఫిల్ము చుట్టి వచ్చే బొంగులు ఖాళీవి ఏరి పెట్టడానికి హాలు ఆ చివరికి వెళ్లింది. అలవాటైన పని, వద్దన్నా మానదు.

అలమర తలుపు ధన్‌మని పడిన చప్పుడు నడవాలో ఉన్న కరెంటు మేస్త్రీ మల్లేశుకి వినబడింది. పొద్దుటినుంచీ స్విచ్చి దగ్గర కాచుకుని ఉన్నాడు. గంట సంగతి వాడికి ఎవరైనా చెప్పారో లేదో, చెప్పినా గుర్తుందో లేదో. స్విచ్చి వేసేశాడు.

కాసులమ్మ కళ్లు గట్టిగా మూసుకుంది. రెప్పల మీద ఎర్రగా మంట. మెల్లగా తెరిచింది.

హాలు ఎంత చిన్నది. తను రోజూ నడిచిన దూరం ఈ కాస్తేనా? ఇన్నాళ్లూ చేతులానించి పనిచేసిన మిషను పచ్చగా ఉంది, అరటాకు పచ్చ. గోడలకి నల్లరంగు వేసి ఉంది, కానీ నడుము ఎత్తున చుట్టూతా ఒక పట్టీ మేర రంగంతా అరిగిపోయి తెల్లసున్నం బయటపడింది. అన్నేళ్లు ఆడవాళ్లు తడుముకుంటూ నడిచిన అరచేతుల అరుగుదల. కాసులమ్మ తన అరచెయ్యి దాని మీద ఆనించి చూసుకుంది. అందరూ అలాగే నిలబడిపోయారు. ఒకరి ముఖాలు ఒకరు, గోడలు, పైకప్పు, చూస్తున్నారు, చూస్తూనే ఉన్నారు. కూతలన్నీ ఆగిపోయాయి. కళ్లు దొరికాక నోటితో పనేముంది? మిఠాయి పెట్టె చేత్తో పట్టుకుని తరఫ్దార్ బాబు, వెనకాల కెమెరాతో కామేష్ నల్లతెర తప్పించుకుని లోపలికొచ్చారు.

ఆ నిశ్శబ్దంలో వినబడింది.

“నానే, వొస్తన్నా.”

హాలు ఆ చివరినుంచి దాలమ్మ నడిచొస్తోంది. ఎడమ అరచెయ్యి గోడమీది అరిగిన పట్టీ వెంట జారుతోంది. కుడిచెయ్యి ముందుకు చాపి ఉంది. తల కొంచెం పైకెత్తి, పని ముగించిన మనిషి తృప్తితో నవ్వుకుంటోంది. అంత వెలుతురులో.

“నానే, వొస్తన్నా. ఏటే, అందరూ మూగోలైపోనారు?”

బాబు ఆమె దారిలోనే నిలబడి ఉన్నాడు. పక్కకి తప్పుకోవాలని కూడా ఆయనకి తోచలేదు. దాలమ్మ తిన్నగా వెళ్లి ఆయన మీద పడింది. చాచిన చెయ్యి ఆయన భుజం మీద ఆనింది. కొత్తగా చేరిన పిల్ల ఎవరో నోరు మూసుకుని నిలబడింది అనుకుంది కాబోలు. ఎన్నాళ్లుగానో కొత్తవాళ్లని మందలించే గొంతుతోనే మందలించింది.

“ఎవులే నువ్వు? కూత నేకండా నిలబడతావేటి? కత్తుల కాడ సచ్చిపోతావు. కూత ఎయ్యాల, తెలిసిందా?”

బాబుకి తెలుగు రాదు. రానక్కర్లేదు కూడా. ఆయన ఆమె కళ్లలోకి చూస్తున్నాడు. ఆయనొక్కడే కాదు, హాలు హాలంతా చూస్తోంది.

అప్పటికి తెలివొచ్చింది కాసులమ్మకి. ఎంతసేపైందని? మిషను రంగు చూసినంతసేపు, గోడ చూసినంతసేపు. అంతలోనే మరిచిపోయింది. మరిచిపోనని కసురుకున్న మనిషి మరిచిపోయింది. ఉరుకున వెళ్లి దాలమ్మ చెయ్యి పట్టుకుంది.

“నువ్వేనా కాసులూ? దీపాలింకా ఎయ్యలేదా?”

కాసులమ్మ చుట్టూ చూసింది. శేఫాలి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కామేష్ తల దించుకున్నాడు. నెత్తిమీద దీపాలు భగభగ మండుతున్నాయి.

“ఇంకా నేదప్పా” అంది కాసులమ్మ.

ఎవ్వరూ కాదనలేదు. దాలమ్మ కాసేపు కదలకుండా నిలబడి విన్నది. ముఖంలో నవ్వు మెల్లగా ఆరిపోయింది.

“ఎందుకే అబద్దం” అంది నెమ్మదిగా. “సీకట్లో ఎవులూ ఇలగ ఊరుకోరు.”

తర్వాత బాబు మాట్లాడాడు. కసురుకోలేదు, ఎందుకు దాచావని అడగలేదు. ఇన్నాళ్లు చాలా కష్టపడ్డావు దాలమ్మా, ఇక ఇంటిపట్టున హాయిగా కూర్చో, నీకు రావలసిందంతా నేనే పంపిస్తాను అన్నాడు. ఆయన గొంతులో జీర కూడా ఉంది. అది తీర్పని అందరికీ అర్థమైంది. యూనియను మాట ఎవరూ ఎత్తలేదు. కళ్లులేని మనిషి తిరిగే కత్తుల మధ్య తమకి దారి చూపించిందని తలుచుకుని కొందరు వణికారు. కొందరు ఏడ్చారు.

కాసులమ్మ ఊరుకోలేకపోయింది. వచ్చీరాని బెంగాలీలో బాబు ముందు చేతులు జోడించింది. పెట్టెలు తనకంటే వేగంగా మడుస్తుందని చెప్పింది. మెట్లు తను ఎక్కిస్తానంది. కామేష్ వైపు తిరిగి తెలుగులో బతిమాలింది.

“నా పక్కనే కూకుంటాది బావూ. నీకేటీ బాద ఉండదు. నాను సూసుకుంటాను.”

కామేష్ బాబు వంక చూశాడు. బాబు కాదనలేదు, ఆలోచనలో పడ్డాడు. ఇంకొక్క మాట పడితే ఒప్పుకునేవాడేమో కూడా. ఈలోగా దాలమ్మ తన చెయ్యి విడిపించుకుంది.

“వొద్దే కాసులూ” అంది. “సూసుకోడానికైతే ఇంటికాడ ఉన్నారు.”

ఫొటో తియ్యడానికి కామేష్‌కి చేతులు రాలేదు. మిఠాయిలు పెట్టెలోనే ఉండిపోయాయి. నడవ దాటి, వాకిలి దాటి, గేటు దాకా కాసులమ్మ ఆమెని నడిపించుకుంటూ వచ్చింది. దర్వాను ఎప్పటిలాగే నవ్వుతూ పలకరించాడు. దాలమ్మ ఎప్పటిలాగే జవాబు చెప్పింది.

బస్సు కోసం రోడ్డు పక్కన నిలబడ్డారు. లారీలు దుమ్ము లేపుకుంటూ డాకు వైపు పోతున్నాయి. కాసులమ్మ కళ్లమ్మట నీళ్లు కారుతున్నాయి. తుడుచుకోవడం కూడా మానేసింది. తను మరిచిపోయానని చెప్పాలని ఉంది. చెప్పి కాళ్ల మీద పడాలని ఉంది. ఎలా మొదలెట్టాలో తెలియలేదు.

దాలమ్మే అడిగింది. “మన మిసను ఏ రంగే?”

మళ్లీ అబద్ధం చెబుదామనుకుంది కాసులమ్మ. నల్లగానే ఉందప్పా, చూడ్డానికి ఏమీ లేదు అందామనుకుంది. నోరు రాలేదు.

“పచ్చగున్నాదప్పా. అరిటాకునాగ.”

“పచ్చా?” అంది దాలమ్మ. “నాను నల్లగుంటాదనుకున్నానే, ఇన్నాళ్లూ.”

“నానూ అలగే అనుకున్నానప్పా” అంది కాసులమ్మ.